గోడమీది సూత్రాలు ఎవరి కోసం?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సూత్రాలకి కరువు లేదు. రిసెప్షన్ దాటి లోపలికి అడుగుపెడితే గోడలనిండా అవే. నాణ్యత, పారదర్శకత, కస్టమరే ముందు, అందరినీ కలుపుకుపోదాం. వాటి పక్కన నవ్వుతున్న ఒక అమ్మాయి ఫోటో కూడా తప్పకుండా ఉంటుంది. పదకొండేళ్ళు హైదరాబాదులో ఇలాంటి గోడల మధ్య టెస్టర్‌గా పనిచేసి, ఇప్పుడు మహిళా సంఘంలో పూర్తికాలం కార్యకర్తగా ఉన్నాను. ఆ సూత్రాలు ఎలా పుడతాయో, ఎవరి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయో దగ్గరనుంచి చూశాను. మన సంఘాల్లో చాలామంది ఇది కంప్యూటర్లవాళ్ళ వ్యవహారం, మనకెందుకు అంటున్నారు. రేషన్ కార్డు, వితంతు పింఛను, అంగన్‌వాడీ సరుకు, ఆస్పత్రి బిల్లు, ఇవన్నీ ఏదో ఒక టీము రాసిన ప్రోగ్రాం గుండానే నడుస్తున్న రోజుల్లో ‘మనకెందుకు’ అనే హక్కు మనకి లేదు.

ముందు ఈ సూత్రాలు ఎలా ఎంచుకుంటారో చెప్పాలి. కొత్త ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడు ఒక పూట మీటింగు పెడతారు. అందరికీ రంగురంగుల చీటీలు ఇచ్చి, మనసులో ఉన్న విలువలు రాసి బోర్డుకి అంటించమంటారు. తర్వాత ఒక్కొక్కరికి మూడేసి చుక్కలు. నచ్చిన చీటీల మీద పెట్టాలి. ఎక్కువ చుక్కలు పడ్డవి టీము సూత్రాలవుతాయి. చూడటానికి ఎంతో ప్రజాస్వామికంగా ఉంటుంది. ఓటు వేసేవాళ్ళు ఎవరనేదే ప్రశ్న. ఆ గదిలో ఉన్నవాళ్ళు మాత్రమే. ఆ ప్రోగ్రాం ఎవరి బతుకు మీద నడుస్తుందో వాళ్ళు ఆ గదిలో ఎప్పుడూ ఉండరు. (గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరికి ఆ చీటీలన్నీ టైపు చేసే పని పడుతుందన్నది వేరే సంగతి.)

పైగా ఎక్కువ చుక్కలు పడేవి ఎవరూ కాదనలేని మాటలు. ‘నాణ్యత’ వద్దనే వాడెవడు? దానికి వ్యతిరేకం ఎవడూ సమర్థించలేడంటే అది సూత్రం కాదు, అలంకారం. దేన్ని వదులుకుని దేన్ని కాపాడతామో చెప్పినప్పుడే సూత్రానికి బరువు వస్తుంది.

ఈ విషయంలో, ఈనాడు ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ టీములు జపించే ‘ఎజైల్’ ప్రకటనకి ఒక మెచ్చుకోలు ఇవ్వాలి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కూర్చుని దాన్ని రాశారు. నాలుగు విలువలు, 12 సూత్రాలు. ఆ నాలుగు విలువలూ ‘దీనికన్నా అది ముఖ్యం’ అన్న పద్ధతిలో ఉంటాయి. పద్ధతులూ పరికరాలకన్నా మనుషులు ముఖ్యం, కాగితాలకన్నా పనిచేసే ప్రోగ్రాం ముఖ్యం, కాంట్రాక్టు బేరాలకన్నా కస్టమరుతో కలిసి పనిచేయడం ముఖ్యం, గీసుకున్న ప్లానుకన్నా మార్పుకి స్పందించడం ముఖ్యం. రెండోవైపు ఉన్నవాటికీ విలువ ఉందని, అయినా మొదటివైపు మొగ్గుతామని దాపరికం లేకుండా చెప్పారు. అప్పట్లో వందల పేజీల కాగితాల కింద ఊపిరాడక ఉన్న ఇంజనీర్లకి అది నిజంగానే విముక్తి.

కానీ ఆ 17 మందీ మగవాళ్ళే. దీన్ని యాదృచ్ఛికం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను పంచాయితీ పెట్టేది తలల లెక్క మీద కాదు, ‘కస్టమర్’ అన్న మాట మీద. ఆ ప్రకటనలో ఉన్నవాళ్ళు ఎవరో చూడండి. డబ్బు పెట్టేవాళ్ళు, ప్రోగ్రాం రాసేవాళ్ళు, కస్టమరు, వాడుకునేవాళ్ళు. ప్రోగ్రాం ఎవరి మీద పనిచేస్తుందో, ఎవరి పేరు జాబితాలోంచి తీసేస్తుందో, ఎవరి ఆచూకీ ఇంకొకరికి చెబుతుందో ఆ మనిషికి అక్కడ పేరే లేదు. ఆమె కొనలేదు, వాడలేదు, అడగలేదు. కాబట్టి ఆమె సూత్రాల లెక్కలోకి రాదు.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో కుటుంబం మొత్తానికి వర్తించే ఆరోగ్య బీమా యాప్ చేశాం. పాలసీ ఎక్కువగా భర్త పేరు మీద ఉంటుంది. భార్య ఆస్పత్రికి వెళితే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఏ పరీక్ష చేయించుకుంది పేర్లతో సహా మెసేజి ఆయన ఫోనుకి పోతుంది. గర్భస్రావం అయినా అంతే, కొట్టిన దెబ్బలకి ఎక్స్‌రే తీయించుకున్నా అంతే. దీన్ని లోపంగా నమోదు చేశాను. మర్నాడే ‘డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది’ అని మూసేశారు. మళ్ళీ తెరిచాను. అప్పుడు ప్రొడక్ట్ ఓనర్ (కస్టమరు తరపున టీములో మాట్లాడే మనిషిని అలా అంటారు) నన్ను కూర్చోబెట్టి ఓపికగా వివరించాడు. మన యూజరు పాలసీదారుడు, అతను ఇలా అడగలేదు, ఇప్పుడు అవసరం లేనిదాన్ని ఇప్పుడు కట్టకూడదన్నది మన సూత్రం కదా అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. సూత్రాన్ని సరిగ్గానే అప్పజెప్పాడు. అదే నెలలో ఒక ఏజెంటు కమీషన్ ఎంతో ఇంకో ఏజెంటుకి కనపడుతోందని ఫిర్యాదు వస్తే ‘గోప్యత మన ప్రాణం’ అంటూ రాత్రికి రాత్రే సరిచేయించారు. ఆ రాత్రి కూర్చుని పరీక్షించినవాళ్ళలో నేనూ ఉన్నాను. సూత్రం రెండుచోట్లా ఒకటే. ఒకచోట అడిగినవాడికి గొంతు ఉంది.

ఇది మా టీముకే పట్టిన జాడ్యమా అంటే కాదు. ప్రపంచంలోకెల్లా గోప్యత గురించి ఎక్కువగా చెప్పుకునే కంపెనీల్లో ఆపిల్ ఒకటి. 2021 ఏప్రిల్‌లో వాళ్ళు ఎయిర్‌ట్యాగ్ అనే చిన్న బిళ్ళని తెచ్చారు. తాళాలకో సంచికో తగిలిస్తే అది ఎక్కడుందో యజమాని ఫోనులో కనపడుతుంది. సొంతదారుడి గోప్యతకి ఎన్నో కట్టుదిట్టాలు చేశారు. ఆ బిళ్ళని ఆడమనిషి హ్యాండ్‌బ్యాగులో రహస్యంగా వేస్తే? దానికీ ఆలోచించామన్నారు. యజమానికి దూరంగా మూడు రోజులుంటే, కదిలినప్పుడు అది కూత పెడుతుందట. ఆమె దగ్గర ఐఫోను ఉంటే ఇంకాస్త ముందే హెచ్చరిక వస్తుంది.

ఈ మూడు రోజుల లెక్క దగ్గర కాసేపు ఆగాలి. ఈ లెక్క వేసినవాళ్ళ బుర్రలో వెంటాడేవాడు ఎవరు? వీధిలో పోయే అపరిచితుడు. గృహహింస కేసులు చూసే మనలో ఎవరినడిగినా చెబుతారు, ఆడదాన్ని వెంటాడేవాడు చాలాసార్లు ఆమెతో ఒకే కప్పు కింద ఉంటాడని. అతను రోజూ సాయంత్రం ఇంటికొస్తాడు. బిళ్ళ యజమాని దగ్గరికి చేరినట్టే. మూడు రోజులు ఎప్పటికీ పూర్తికావు, కూత ఎప్పటికీ రాదు. ఈ మాట అక్కడి గృహహింస వ్యతిరేక సంఘాలూ, పత్రికలూ గట్టిగా అన్నాకనే 2021 జూన్‌లో ఆ గడువుని 8 నుంచి 24 గంటలకి తగ్గించారు. ఆండ్రాయిడ్ ఫోనున్న ఆడవాళ్ళకైతే అప్పటికీ దిక్కులేదు. వాళ్ళ కోసం ఒక యాప్ డిసెంబరులో వచ్చింది. అదీ తనకి అనుమానం వచ్చి, తనే తెరిచి వెతుక్కుంటేనే. రెండు రకాల ఫోన్లలోనూ దానంతటది హెచ్చరిక వచ్చే ఏర్పాటు ఆపిల్, గూగుల్ కలిసి చేసేసరికి 2024 మే అయింది. మన దేశంలో ఎక్కువమంది ఆడవాళ్ళ చేతిలో ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లేనని వేరే చెప్పాలా? గోప్యత అన్న సూత్రం ఆ కంపెనీకి లేదని కాదు. అది కొన్నవాడి వెంట నడిచింది, వెంటాడబడే మనిషి దగ్గరికి మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఇదే కంపెనీ 2014లో ఆరోగ్యం యాప్ తెచ్చినప్పుడు ఒంట్లోకి ఎంత సెలీనియం పోతోందో కూడా రాసుకునే వీలు పెట్టి, నెలసరి రాసుకునే చోటు మాత్రం పెట్టలేదు. ఏడాది తర్వాత చేర్చారు. ‘ముందు కనీస అవసరాలు తీర్చే సరుకుని బయటికి తెద్దాం, మిగతాది తర్వాత’ అన్నది మరో సుప్రసిద్ధ సూత్రం. కనీసం అంటే ఎవరి కనీసమో ఇక్కడే తెలుస్తోంది.

ఇక మన ఊళ్ళకి వద్దాం. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉంది. అనేక ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలన్నిటినీ కలిపి, ఫలానా పేరు, ఫలానా చిరునామా ఒకే మనిషివని ప్రోగ్రాం పోల్చుకుని, ఈ కుటుంబానికి కారుంది, ఇల్లుంది, కాబట్టి రేషనుకి అర్హత లేదు అని తేలుస్తుంది. 2016 నుంచి ఆహార భద్రత కార్డుల ఏరివేతలో దీన్ని వాడారు. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు. ఒకే పేరున్న ఇద్దరు మగవాళ్ళని ఒకడిగా కట్టేస్తే, ఎవరిదో కారు ఒక కూలివాడి ఇంటి ముందు కాగితాల్లో వచ్చి నిలబడింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డుల మీద ఇంటింటికీ వెళ్ళి విచారణ చేయమని ఆదేశించింది. ఆ విచారణలో వేల కుటుంబాలు అర్హులేనని తేలింది.

ఇందులో ‘సాంకేతిక లోపం’ అన్న మాటని నేను ఒప్పుకోను. పేర్లు పోల్చే ఏ ప్రోగ్రాములోనైనా తప్పులు రెండు రకాలు. అనర్హుడికి ఇచ్చేయడం ఒకటి, అర్హురాలికి ఆపేయడం ఒకటి. ఒకదాన్ని తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. ఎంత పోలిక ఉంటే ‘ఒకే మనిషి’ అనుకోవాలో ఒక అంకె పెట్టాలి. ఆ అంకె ఎక్కడ పెట్టాలన్నది గణితం చెప్పదు, సూత్రం చెబుతుంది. దొంగని పట్టుకోవడం ముఖ్యమా, ఆకలిగా ఉన్నవాళ్ళని వదలకపోవడం ముఖ్యమా? అక్కడ ఎవరో ఒకరు మొదటిదాన్ని ఎంచుకున్నారు. మెషిను అనుమానించగానే కార్డు పోవాలా, లేక మనిషి వెళ్ళి చూసేదాకా బియ్యం ఆగకూడదా అన్నదీ అలాంటిదే. అందులో కూడా మొదటిదే నడిచింది. ఈ ఎంపికలు ఏ అసెంబ్లీలోనూ చర్చకి రాలేదు, ఏ గ్రామసభలోనూ చదవలేదు. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షను ప్రకారం రేషన్ కార్డుకి ఇంటిపెద్ద పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామె. అంటే చట్టం ఆమెని ఇంటిపెద్దని చేసింది, ప్రోగ్రాం ఆమెకి చెప్పకుండానే ఆమె పేరు కొట్టేసింది.

అంగన్‌వాడీలో ఇంటికిచ్చే సరుకుకి 2025 జూలై 1 నుంచి ముఖం ఫోటోతో గుర్తింపు తప్పనిసరి చేశారు. ముఖాలని చూసి ఆడా మగా చెప్పే కంపెనీ ప్రోగ్రాముల మీద జాయ్ బువొలామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు 2018లో ప్రచురించిన పరిశోధన ఉంది. తెల్లని చర్మమున్న మగవాళ్ళ విషయంలో తప్పు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని చర్మమున్న ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా. అది వేరే పని, వేరే ప్రోగ్రాం, నిజమే. మన ముఖాల మీద, మన పల్లె వెలుగులో, మన ఫోన్లతో పరీక్షించి ఆ అంకెలు బయటపెట్టి ఆ తర్వాత కదా గర్భిణీ స్త్రీ తిండికి దాన్ని ముడిపెట్టాల్సింది.

సూత్రాలు లేకపోవడం వల్ల ఇవి జరగలేదు. కంప్యూటరు వృత్తిలోవాళ్ళకి ఎప్పటినుంచో నీతినియమావళి ఉంది. 1999 నాటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ నియమావళిలో మొట్టమొదటి సూత్రమే ప్రజల మేలు. కానీ అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 63 మంది విద్యార్థుల మీదా, 105 మంది ఉద్యోగుల మీదా చూశారు. కొందరి చేతికి నియమావళి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, చిక్కు సమస్యలు ముందుపెట్టి మీరైతే ఏం చేస్తారని అడిగారు. నియమావళి చదివినందువల్ల నిర్ణయాల్లో తేడా ఏమీ కనపడలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ నిర్ణయం తీసుకునే అధికారం చదివినవాళ్ళ చేతిలో ఉంటే కదా!

అధికారం లేకుండా సూత్రాన్ని పట్టుకుని నిలబడితే ఏమవుతుందో గూగుల్‌లో చూశాం. డ్రోన్ల వీడియోలని విశ్లేషించే సైనిక ప్రాజెక్టు మీద వేలమంది ఉద్యోగులు సంతకాలు పెట్టి తిరగబడ్డాక 2018 జూన్‌లో ఆ కంపెనీ కృత్రిమ మేధ మీద ఏడు సూత్రాలు ప్రకటించింది. ఆయుధాలు చేయం, అంతర్జాతీయ ప్రమాణాలు మీరే నిఘాకి సాయపడం అని కూడా రాసింది. ఉద్యోగుల పోరాటం వల్ల వచ్చిన సూత్రాలు కాబట్టి వాటికి విలువ ఉంది. రెండేళ్ళు తిరిగాయో లేదో, పైన చెప్పిన టిమ్నిట్ గెబ్రూ, అప్పటికి ఆ కంపెనీలోనే నీతి విభాగానికి నాయకుల్లో ఒకరు, పెద్ద భాషా ప్రోగ్రాముల ప్రమాదాల మీద వ్యాసం రాసింది. దాన్ని వెనక్కి తీసుకోమన్న గొడవలో 2020 డిసెంబరులో ఆమె బయటికొచ్చింది. తీసేశారని ఆమె అంది, రాజీనామాని ఒప్పుకున్నామని కంపెనీ అంది. 2021 ఫిబ్రవరిలో ఆమెతో కలిసి ఆ విభాగాన్ని నడిపిన మార్గరెట్ మిచెల్‌ని తీసేశారు. 2025 ఫిబ్రవరిలో ఆయుధాలూ నిఘా గురించిన ఆ హామీని కంపెనీ తన సూత్రాల్లోంచి తొలగించింది. తుడిచేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఒంటికాలి మీద అమలయ్యే సూత్రాలూ ఉన్నాయి. ఎజైల్ 12 సూత్రాల్లో ఒకటి, ఎంతకాలమైనా కొనసాగించగలిగే వేగంతోనే పనిచేయాలని చెబుతుంది. హైదరాబాదులో దాన్ని ఎవరైనా పాటించగా నేను చూడలేదు. అమెరికాలో తెల్లవారేసరికి మనకి రాత్రి. రోజూ జరిగే నిలువుకాళ్ళ మీటింగు మా టీముకి రాత్రి ఎనిమిదిన్నరకి. చంటిపిల్లల తల్లులు ఒకచేత్తో అన్నం కలుపుతూ మ్యూటు తీసి జవాబు చెప్పేవాళ్ళు. ‘రోజూ కలుసుకోవాలి’ అన్న సూత్రం ఒక్కరోజు తప్పదు, ‘అలవికాని వేగం వద్దు’ అన్న సూత్రం ఒక్కరోజు అమలు కాదు. రెండు వారాలకోసారి పెట్టే సమీక్షలో ఈ సంగతి ఎత్తితే ‘తర్వాత చూద్దాం’ జాబితాలో చేరేది. ఎత్తిన అమ్మాయికి ఏడాది చివర ‘బాధ్యత తీసుకునే గుణం పెరగాలి’ అని రాసేవాళ్ళు.

టీములో ఆడవాళ్ళు పెరిగితే చాలు, అన్నీ చక్కబడతాయని కొందరు మిత్రులు అంటున్నారు. పెరగాలి, సందేహం లేదు. కానీ ఉండటం వేరు, మాట చెల్లడం వేరు. మార్గరెట్ హామిల్టన్ కథ వినండి. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల ప్రోగ్రాములు రాసిన బృందానికి నాయకురాలు. సెలవు రోజుల్లో కూతుర్ని లాబ్‌కి తీసుకెళ్ళేది. ఆ పిల్ల ఆడుకుంటూ, నౌక ఎగురుతుండగా నొక్కకూడని మీటలు నొక్కితే నమూనా యంత్రం కుప్పకూలింది. వ్యోమగామి ఇలా నొక్కితే ఆపే ఏర్పాటు పెడదామని ఆమె అడిగింది. వాళ్ళు శిక్షణ పొందినవాళ్ళు, తప్పు చేయరు అని పైవాళ్ళు ఒప్పుకోలేదు. అదీ ఒక సూత్రమే! 1968 డిసెంబరులో అపోలో 8 ప్రయాణంలో వ్యోమగామి సరిగ్గా అదే తప్పు చేశాడు, దారి చూపే లెక్కలు చెరిగిపోయాయి. భూమి మీదనుంచి మళ్ళీ పంపించాల్సి వచ్చింది. అప్పుడుగానీ ఆమె మాట సాగలేదు. చంద్రుడి దాకా మనుషుల్ని పంపిన బృందం నాయకురాలి మాటే అలా పక్కన పెడితే, మా ఆఫీసులో ఎవరో టెస్టరు మాట ఎంత?

మరి ఏం చేయాలి? మనకి తెలిసిన దారి ఒకటుంది. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవి మీద జరిగిన అత్యాచారం నుంచి పుట్టిన కేసులో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు కంపెనీల్లో ‘స్త్రీలని గౌరవించాలి’ అన్న సూత్రం లేదా? ఉంది. విశాఖ తెచ్చింది ఇంకో సూత్రాన్ని కాదు, ఒక కమిటీని. 2013లో చట్టమైనప్పుడు ఆ కమిటీకి అధ్యక్షురాలు స్త్రీ, సభ్యుల్లో కనీసం సగం స్త్రీలు, ఒకరు తప్పనిసరిగా స్త్రీల కోసం పనిచేసే సంస్థనుంచి బయటి మనిషి అయి ఉండాలని రాశారు. ఆ కమిటీలు చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయని నాకు తెలుసు, మీకూ తెలుసు. అయినా అడగడానికి ఒక సెక్షను ఉంది, జవాబు చెప్పాల్సినవాడు ఉన్నాడు.

ప్రభుత్వం డబ్బుతో, ప్రజల తిండీ పింఛనూ వైద్యం మీద నడిచే ప్రతి ప్రోగ్రాముకీ ఇలాంటి కమిటీ కావాలని మనం అడగాలి. అందులో బయటి సభ్యురాలు ఉండాలి. ఆమెకి సలహా చెప్పే కుర్చీ కాదు, విడుదలని ఆపే సంతకం కావాలి. ఏ తప్పుని తగ్గించడానికి ఏ తప్పుని పెరగనిచ్చారో తెలుగులో రాసి సచివాలయం గోడకి అంటించాలి. మనిషి వచ్చి చూసేదాకా మెషిను మాట మీద ఏ కార్డూ ఆగకూడదు. ‘ఇలా చేస్తే సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ పూర్తికాదు’ అని ఇంజనీరు మిత్రులు నాతో వాదిస్తారు. పూర్తికాని సాఫ్ట్‌వేరుతోనే 18 లక్షల కార్డులు తీయలేదా?

ఒక మాట మన స్వచ్ఛంద సంస్థల గురించి కూడా. ఈమధ్య టీములు బస్తీలకి వస్తున్నాయి. ‘యూజర్ రీసెర్చ్’ అంటారు. ఇరవైమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టమంటారు, సమోసాలు తెస్తారు, ఫోటోలు తీసుకుంటారు. మనం ఒకరోజు కూలి పోగొట్టుకున్నవాళ్ళని పోగుచేసి అప్పగిస్తాం. ఆ తర్వాత వాళ్ళ నివేదికలో ‘స్త్రీలని సంప్రదించాం’ అన్న ఒక వాక్యం, ఒక ఫోటో. చెప్పిన మాటల్లో ఎన్ని తీసుకున్నారో, ఎన్ని ఎందుకు వదిలేశారో చెప్పడానికి వెనక్కి వచ్చిన టీముని నేను ఇంతవరకూ చూడలేదు. ఇకమీదట ఎవరైనా వస్తే ముందు రాసివ్వమనండి. ఈ ప్రోగ్రాం తప్పు చేస్తే ఏ ఆఫీసులో ఏ అధికారిని అడగాలో, ఎన్ని రోజుల్లో సరిచేస్తారో, అప్పటిదాకా బియ్యం ఎవరిస్తారో, కింద పేరూ హోదాతో సంతకం. కూలి డబ్బులు కూడా ముందే. సమోసాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.